సూరత్‌లో చాలు అంటే కానివ్వమని

సూరత్‌లో పొద్దున్నే ఏ వీధి మలుపు తిరిగినా లోచో దొరుకుతుంది. నానబెట్టి రుబ్బిన శనగపప్పు పిండిని ఆవిరి మీద ఉడికించి, పైన ఇంత నూనె పోసి, సేవ్, ఉల్లిపాయ ముక్కలు, కారప్పొడి చల్లి చేతికిస్తారు. ఎవరో ఖమణ్ చేయబోతే పిండి జారైపోయి ముద్దగా దిగిందనీ, దాన్ని పారబోయడానికి మనసొప్పక అలాగే అమ్మేశారనీ ఊళ్లో చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ పేరు మాత్రం దానికి సాక్ష్యం చెబుతూనే ఉంది. గుజరాతీలో లోచో అంటే గందరగోళం, పొరపాటు. మన భాషలో చెప్పాలంటే పప్పులో కాలు. ఇక్కడ ఆ పప్పు శనగపప్పు, అంతే తేడా.

ఆ కథలో నాకు నచ్చేది పిండి జారడం కాదు. పిండి ఎవరికైనా జారుతుంది. జారిన పిండికి దాని తప్పే పేరుగా పెట్టి మర్నాడు కావాలని మళ్లీ అలాగే జార్చినవాడు ఎవడో, వాడు గొప్పవాడు. మాటల విషయంలోనూ అంతే. నోరు జారడం వేరు, జార్చడం వేరు. ఒక మాట అనాల్సిన చోట దాని పోలికే ఉన్న మరో మాటను పాత్ర నోట కావాలని పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కకు తప్పుకునే రచయితలు ప్రతి భాషలోనూ ఉన్నారు. వాళ్ల గురించి ఈ వారం రాయాలని నాకు అనిపించింది ఏ గ్రంథాలయంలోనో కాదు, సూరత్ లింబాయత్‌లో ఒక నేత కార్మికుడి ఇంట్లో, మంచం మీద కూర్చుని ఒక చేతిరాత నోటుపుస్తకం తిరగేస్తుండగా.

ఆయన మా మిత్రుడి తండ్రి. కరీంనగర్ వైపు తండ్రిని బాపు అంటారు గనక నేనూ బాపూ అనే పిలిచాను. (గుజరాత్‌లో ఆ మాట కాస్త గట్టిగా అంటే వీధిలో నలుగురు పెద్దమనుషులు వెనక్కి తిరుగుతారు. అక్కడా అది గౌరవవాచకమే.) తెలంగాణ పల్లెల్లో చేమగ్గం చితికిపోయాక షోలాపూర్‌కి, భివండీకి, బొంబాయికి, సూరత్‌కి వెళ్లిన పద్మశాలి కుటుంబాల్లో వీరిదొకటి. సూరత్‌లో మరమగ్గాలు లక్షల్లో ఉన్నాయి. సిరిసిల్లలో లాగే బాపు వాటిని సాంచాలు అంటాడు. యంత్రాన్ని గుజరాతీలు సంచో అంటారు. కనీసం ఆ ఒక్క మాట దగ్గర మామకీ అల్లుడికీ తగాదా రాలేదన్నమాట.

తగాదా వచ్చింది ‘చాలు’ దగ్గర. గుజరాతీలో చాలూ అంటే నడుస్తున్నది, నడిపించు అని. ఫ్యాన్ చాలూ, దుకాణం చాలూ, సాంచా చాలూ. తెలుగులో చాలు అంటే ఆపమని. మన చకారం దంతాల దగ్గర పలుకుతుంది, వాళ్లది తాలువు దగ్గర. తెలంగాణలో అయితే చాలామంది సాలు అనే అంటారు. కానీ వంద సాంచాలు ఒక్కసారిగా కొట్టుకునే రేకుల షెడ్డులో చకారాల తేడా ఎవరి చెవికెక్కుతుంది? బాపు కొత్తగా పనిలో చేరిన రోజుల్లో సాంచా కిందికి దూరి తెగిన పోగు లాగుతున్నాడు. పైనున్నవాడు మెల్లగా చక్రం తిప్పుతున్నాడు. పోగు అందగానే ఈయన “సాలు, సాలు!” అని అరిచాడు. పైవాడు శ్రద్ధగా విని స్విచ్చి వేశాడు.

“అంగి శెయ్యి పొయ్యింది సారూ, నా శెయ్యి మిగిలింది” అన్నాడు బాపు నవ్వుతూ. ఆ మర్నాటి నుంచి ఆ షెడ్డులో తెలుగువాళ్లందరూ ఆపమనడానికి బంద్ అనడం మొదలుపెట్టారట. అది ఇద్దరికీ ఒకటే.

ఇంతవరకు జరిగింది పొరపాటు. ప్రాణాల మీదికి రాబోయిన పొరపాటు. అందులో నవ్వడానికేమీ లేదు. ఏళ్ల తర్వాత ఆయన ఉగాదికి వీధిలో వేయడానికి ఒక చిన్న నాటిక రాయబోయి, ముందుగా ఈ మాటనే ఏరుకున్నాడు. నా చేతికిచ్చిన నోటుపుస్తకం అదే.

నాటికలో కథంటూ పెద్దగా లేదు. కరీంనగర్ జిల్లా నుంచి పెళ్లయి వచ్చిన కోడలు, పక్కింటి గుజరాతీ ఆవిడ. ఇద్దరూ మంచివాళ్లు. అదే చిక్కు. పొద్దున్నే పక్కింటావిడ “పాణీ ఆవ్యూ?” అని అడుగుతుంది, నీళ్లొచ్చాయా అని. కోడలికి ‘పని’ వినిపిస్తుంది. “నిన్ననే వస్తిని గదమ్మా, అప్పుడే పనెక్కడ దొరుకుతది?” అంటుంది దిగులుగా. మధ్యాహ్నం పక్కింటావిడ భోజనానికి వస్తుంది. కోడలు గరిటె పట్టుకుని “మారు?” అని అడుగుతుంది, రెండోసారి వడ్డించనా అని. గుజరాతీలో మారూ అంటే నాది. ఇదేమిటి, అన్నం గిన్నె నాదా అని అడుగుతోందేమిటని ఆవిడ కంగారుపడి “నా, తమారూ” అంటుంది. కాదమ్మా, మీదే అని. తెలుగులో ‘నా’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అన్నం నాదంటుందేమిటి ఈవిడ అని కోడలు గిన్నె వెనక్కి లాక్కుంటుంది. ఇక శరత్ పున్నమి మర్నాడు చాందనీ పడవా పండక్కి సూరత్ అంతా ఘారీ తింటుంది. నెయ్యి, కోవా దట్టించిన తీపి. పక్కింటావిడ ఘారీ పంపుతానంటే కోడలు అల్లం పచ్చడి నూరి కూర్చుంటుంది, గారెలొస్తున్నాయని.

చదువుతూ నేను పైకే నవ్వాను. తర్వాత, వృత్తి దోషం, ఇది ఏ కోవలోకి వస్తుందా అని ఆలోచించాను.

ఇంగ్లిష్‌లో దీనికి ఒక ఆవిడ పేరే స్థిరపడింది. 1775లో లండన్‌లో ఆడిన షెరిడన్ నాటకం ‘ది రైవల్స్’లో మిసెస్ మాలాప్రాప్ అనే పాత్ర గంభీరమైన మాటలు వాడాలనే తాపత్రయంలో ఒకదానికి బదులు మరొకటి వాడుతుంది. సందర్భానికి పొసగనిది అనే అర్థమున్న ఫ్రెంచి పలుకుబడిని అటూ ఇటూ మార్చి షెరిడన్ ఆ పేరు పెట్టాడు. అంతకు సుమారు నూట డెబ్బై ఐదేళ్ల ముందే షేక్‌స్పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో డాగ్‌బెరీ అనే కొత్వాలు చేత ఈ పని చేయించాడు. కిటుకు చెప్పడానికి సులువు. చేయడం కష్టం. రెండు మాటల ధ్వని దగ్గరగా ఉండాలి, అర్థం దూరంగా ఉండాలి. అనేవాడికి తాను తప్పన్నానని తెలియకూడదు. వినేవాడికి సరైన మాట వెంటనే స్ఫురించాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది అచ్చుతప్పుగా మిగిలిపోతుంది.

వీటన్నిటికీ మించినది ఇంకొకటుంది. తప్పుమాట చివరికి ఒప్పు కావాలి. మంత్రిగారి ఉపన్యాసం అనడానికి బదులు “మంత్రిగారి ఉపవాసం మూడు గంటలు సాగింది” అని ఒక పాత్ర చేత అనిపించామనుకోండి. ఉపవాసం ఉన్నది మంత్రిగారు కాదనీ, మధ్యాహ్నం నుంచి ఎండలో కూర్చున్న జనమనీ పాఠకుడికి తెలుసు. శంకుస్థాపనను ఎవరైనా శంకాస్థాపన అంటే దిద్దడానికి నాకు చేయి రాదు. పునాదిరాళ్లు వేసి మరిచిపోయిన పథకాల పేర్లు మీకూ నాలుగైదు గుర్తుండే ఉంటాయి. ముళ్లపూడి వెంకటరమణ అప్పుల అప్పారావు కథలకు ‘ఋణానందలహరి’ అని పేరు పెట్టినప్పుడు చేసింది ఇదే. ఆదిశంకరుల పేరుతో ప్రసిద్ధమైన స్తోత్రాల పేరులో కొంచెం మార్చాడు. అప్పు చేసి హాయిగా బతికేవాడి పరమానందం అందులో కొచ్చి కూర్చుంది. ఆయన బుడుగు పక్కింటి పిల్లని సీగానపెసూనాంబ అంటాడు. పిల్లలు నిజంగా అలాగే అంటారు కదా అనుకుంటాం. అనరు. ప్రతి పిల్లవాడూ వేరే రకంగా అంటాడు. అందరిలోంచీ ఒక్కటి ఏరి, ఇక తెలుగువాళ్లెవరూ ఆ పేరుని సరిగ్గా పలకలేకుండా చేయడం రచయిత పని.

1957 నాటి ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు ఇంకో అడుగు ముందుకేశాడు. ఘటోత్కచుడి పరివారం కంబళిని గింబళి అంటుంది, తల్పాన్ని గిల్పం అంటుంది. సంయుక్తాక్షరాలు వాళ్ల నోట విడివిడిగా పడతాయి. రాక్షసులకి నోరు తిరగదని మనం నవ్వబోతాం. అయితే ఆ సినిమాలో తెలివితక్కువవాళ్లు రాక్షసులు కారు, వాళ్ల చేతుల్లో మోసపోయే మగపెళ్లివారు. భాష సరిగా రానివాళ్లే బుద్ధిమంతులుగా తేలతారు. ఇంత మర్యాదగా తప్పుమాటల్ని వాడుకున్న సినిమా మనకి మరొకటి లేదని నా అభిప్రాయం.

మన ఆలంకారికులకి ఈ విద్య కొత్త కాదు. రుద్రటుడు చెప్పిన వక్రోక్తిలో శ్లేష ఒక రకం. ఎదుటివాడు ఒక అర్థంలో అన్న మాటను మరో అర్థంలో పట్టుకుని జవాబు చెప్పడం. తలుపు తట్టిన కృష్ణుడు మాధవుణ్నంటే వసంతమా అనీ, చక్రినంటే కుమ్మరివా అనీ లోపలి నుంచి అడిగే నాయిక మనకి బడిలోనే పరిచయం. ఆమెకి అన్నీ తెలుసు. తెలిసి తెలియనట్టు నటిస్తుంది. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ప్రతి పద్యమూ రామకథనీ భారతాన్నీ ఒకేసారి చెబుతుంది. అక్కడ రెండు అర్థాలూ ఒప్పే. పండితుడు తప్పు చేయడు, చేసినట్టు కనిపించినా అది చమత్కారం. మరి పండితుడు కానివాడు అదే పని చేస్తే?

దానికి సమాధానం ‘కథాసరిత్సాగరం’లో ఉంది. శాతవాహన రాజు రాణులతో జలక్రీడలాడుతుంటే ఒకామె మోదకాలతో కొట్టమంది. నిజానికి ఆమె అన్నది ‘మా ఉదకైః’ అని, నీళ్లతో కొట్టవద్దని. సంధి కలిస్తే మోదకైః అయింది. రాజుకి సంస్కృతం రాదు. లడ్డూలు తెప్పించాడు. ఆమె నవ్వింది. సంధి తెలియని రాజువా అని పదిమందిలో తీసిపారేసింది. రాజు కుమిలిపోయి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఆయనకి వ్యాకరణం నేర్పడానికి ఆరేళ్లు కావాలని గుణాఢ్యుడు, ఆరు నెలలు చాలని శర్వవర్మ పందెం వేసుకున్నారు. శర్వవర్మ గెలిచాడు, కాతంత్ర వ్యాకరణం వచ్చింది. ఓడిన గుణాఢ్యుడు మాట ఇచ్చిన ప్రకారం సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి, పైశాచిలో బృహత్కథ రాశాడు. ఒక్క మాట తప్పుగా వినిపిస్తే ఒక వ్యాకరణమూ ఒక కథల సముద్రమూ పుట్టాయి. కథే కావచ్చు. అయినా శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల ఉన్నది పాత కరీంనగర్ జిల్లాలోనే గనక, బాపుకి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆయన లడ్డూల దగ్గర నవ్వలేదు. “నవ్విందే ఆమె, అది తప్పు సారూ. రాజు గాబట్టి వ్యాకరణం రాయిచ్చుకున్నడు. గరీబోడైతే నోరు మూసుకుంటడు” అన్నాడు.

ఈ మాట మీద నాకు చాలాసేపు ఆలోచన తెగలేదు. ఎందుకంటే ఈ విద్యకి ఒక చీకటి కోణం ఉంది. మిసెస్ మాలాప్రాప్‌ని చూసి లండన్ నవ్విన నవ్వులో, ఆడదానికి ఇంత పెద్ద మాటలెందుకు అన్న ఎత్తిపొడుపూ ఉంది. మన సినిమాలు దశాబ్దాల తరబడి తెలంగాణ మాటని రౌడీకీ, నౌకరుకీ, హాస్యగాడికీ పంచిపెట్టాయి. సాలు అంటే హాలంతా నవ్వాలి. అది తప్పుమాట కాదు, ఒక ప్రాంతం మాట. దాన్ని తప్పుగా చూపించి నవ్వించడం రచన కాదు, దబాయింపు. బాపు వయసువాళ్లు సూరత్‌లో వారాంతంలో తెలుగు సినిమా చూడటానికి డబ్బులు పెట్టి మరీ ఆ నవ్వులు విని వచ్చారు. ‘కన్యాశుల్కం’లో గురజాడ దీనికి సరిగ్గా ఎదురు చేశాడు. గిరీశం, వెంకటేశం కలిసి అర్థంపర్థంలేని ఇంగ్లిష్ ముక్కలు వల్లిస్తుంటే వెంకటేశం తల్లి మురిసిపోతుంది. అక్కడ మనం నవ్వేది ఇంగ్లిష్ రాని తల్లిని చూసి కాదు, రాకపోయినా వచ్చినట్టు దంచే గిరీశాన్ని చూసి. దెబ్బ ఎవరి మీద పడాలో ఆయనకి తెలుసు.

బాపు నాటికలో దెబ్బ ఎవరికీ తగలదు. కోడలు తన తెలుగులో తప్పు మాట్లాడదు, పక్కింటావిడ తన గుజరాతీలో తప్పు మాట్లాడదు. తప్పు రెండిళ్ల మధ్య గోడ మీద ఉంటుంది. నవ్వాలంటే ప్రేక్షకుడు గోడకి అటూ ఇటూ ఉన్నవాడై ఉండాలి. హైదరాబాద్‌లో వేస్తే ఈ నాటిక పండదు, అహ్మదాబాద్‌లోనూ పండదు. దీనికి ప్రపంచంలో సరైన ప్రేక్షకులున్నది లింబాయత్, ఉధనా పరిసరాల్లోనే.

సూరత్‌కి ఇలాంటి వాతావరణం కొత్తేమీ కాదు. ఊరి పేరు వెనకే ఒక ఐతిహ్యం ఉంది. 16వ శతాబ్ది ఆరంభంలో మలిక్ గోపీ ఈ ఊరిని అభివృద్ధి చేసి సూరజ్ అని పేరు పెట్టబోతే, సుల్తాను చివరి అక్షరం మార్చి సూరత్ చేశాడని. గుజరాతీకి నర్మకోశ్ అనే నిఘంటువు చేసిన నర్మద్ 1833లో పుట్టింది ఇక్కడే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 24ని గుజరాతీ భాషా దినంగా జరుపుకుంటారు, ఊరి విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. మోలియేర్ దొంగ వైద్యుడి ప్రహసనాన్ని 1867లో ‘భట్ట్‌నూ భోపాళూ’గా గుజరాతీ చేసిన నవల్‌రామ్ ఈ ఊరివాడే. గుజరాతీలు హాస్యమనగానే తలిచే జ్యోతీంద్ర దవే 1901లో ఇక్కడే పుట్టాడు. ధన్‌సుఖ్‌లాల్ మెహతాతో కలిసి 1936లో ఆయన రాసిన ‘అమే బధాఁ’ నిండా సూరత్ జీవితమే. ఒక ఊరు నిఘంటుకారుణ్నీ, హాస్యరచయితనీ ఇవ్వడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఇద్దరిదీ ఒకే సరుకు. మొదటాయన సరైన మాట పోగు చేయకపోతే రెండో ఆయన తప్పుమాట అమ్ముడుపోదు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ సాయంత్రం బాపు మనవరాలు బడి నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి, గుజరాతీ మీడియం. సూరత్ మునిసిపల్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మీడియం కూడా ఉంది. ఈ అమ్మాయి తండ్రి అందులోనే చదివాడు. కూతుర్ని మాత్రం గుజరాతీలో వేశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, మా పిల్లలు ఏ మీడియమో మీకు చెప్పడం నాకు ఇష్టం లేదు.

తాత నాటిక చదివి వినిపించాడు. పాణీ దగ్గర ఆ పిల్ల పడీపడీ నవ్వింది. చాలు దగ్గర నవ్వింది. ఘారీ దగ్గర, నాకు అల్లం పచ్చడితో ఘారీ తినాలని ఉంది అంది. ‘మారు’ దగ్గర ఊరుకుంది. తాత మళ్లీ చదివాడు. “మారూ అంటే నాది, అంతే గదా తాతా. అందుల నవ్వుడేంది?” అంది. వాళ్లింట్లో రెండోసారి వడ్డించేటప్పుడు ఎవరూ ఆ మాట అనడం లేదు. ఇంకొంచెం ఎయ్యనా అంటారు. సరైన మాట పోయింది గనక తప్పుమాటకి నిలబడటానికి చోటు లేదు. నాటిక మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే.

బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇది తీసెయ్యాల్నా సారూ?” అని నన్నడిగాడు. పిల్లకి ఆ మాట అర్థం చెప్పి ఉంచేయొచ్చు కదా అన్నాను. “శెప్పి నవ్విస్తే అది నవ్వా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆ పేజీ మీద అడ్డంగా గీత పెట్టాడు, కానీ చింపలేదు.

అప్పటిదాకా తలుపు దగ్గర కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్న పిల్ల, దానికి బదులు ఇంకోటి పెట్టమంది. కోడలు బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి పోతుంది. నీళ్లు రావు. పక్కింటావిడని అడుగుతుంది. ఆవిడ, “పాణీ? కాలే!” అంటుంది. గుజరాతీలో కాలే అంటే రేపు. కోడలు ఇంట్లోకి వచ్చి మొగుడితో చెబుతుంది, “పని కాలే” అని.

తెలంగాణలో పని కాలే అంటే పని కాలేదని. పుస్తకాల తెలుగులో ‘కాలేదు’ అని పూర్తిగా రాస్తే ఈ జోకు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆవిడ రేపంది, ఈమె కాలేదంది. ఇద్దరూ చెప్పింది ఒకటే, ఇవాళ బిందె నిండదని.

బాపు నవ్వడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆగలేదు. నోటుపుస్తకంలో గీత పెట్టిన పేజీకి ఎదురు పేజీలో తెలుగులో రాసుకున్నాడు. మనవరాలు అదే డైలాగుని తన బడి పుస్తకం వెనక అట్ట మీద గుజరాతీ లిపిలో రాసుకుంది, ఉగాదికి కోడలి వేషం తనదేనని తాత దగ్గర మాట తీసుకుని.